రక్తంలోనే ఉందా?

"వాడి రక్తంలోనే ఉంది" అని తేలిగ్గా అనేస్తుంటాం. పుట్టుకతో వచ్చింది, ఇక మారదు అని దానర్థం. వైద్యచరిత్రలో ఈ ఆలోచన ఎంత దూరం పోయిందో, ఎక్కడ బోల్తాపడిందో చెప్పే కథ సికిల్ సెల్ ఎనీమియాది.

1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, గ్రెనడా నుంచి వచ్చి దంతవైద్యం చదువుతున్న ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలు ఉన్నాయని రాశాడు. ఆ తర్వాత అమెరికాలో బయటపడ్డ రోగులు దాదాపు అందరూ నల్లవాళ్ళే. ఇంకేముంది, అది "నీగ్రో రక్తం" జబ్బయిపోయింది. ఎప్పుడైనా తెల్లవాడికి కనిపిస్తే, డాక్టర్లు తమ సిద్ధాంతాన్ని అనుమానించలేదు. రోగి వంశంలో నల్లపూర్వీకుల కోసం వెతికారు!

1949లో లైనస్ పౌలింగ్ బృందం తేడా హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపించింది. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే పిల్లల ప్రాణాలు తీసే జన్యువు, అన్ని తరాలు ఎలా నిలబడింది?

జవాబు కెన్యాలో పెరిగిన ఆంథొనీ ఆలిసన్‌కి దొరికింది. విక్టోరియా సరస్సు ఒడ్డున, సముద్రతీరంలో ఈ జన్యువు ఎక్కువ. చల్లటి ఎత్తు ప్రాంతాల్లో తక్కువ. అంటే మలేరియా ఉన్నచోటే ఇదీ ఉంది. 30 మంది లువో తెగ పురుషులకి ఆయన మలేరియా ఎక్కించి చూశాడు. జన్యువు లేని 15 మందిలో 14 మందికి సోకింది. ఒక్క ప్రతి ఉన్న 15 మందిలో ఇద్దరికే. వలసపాలనలో ఆఫ్రికన్ల ఒంట్లోకి జబ్బు ఎక్కించారన్నది చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది. 1954లో అచ్చయిన ఆ ఫలితం మాత్రం నిలిచింది: ఒక ప్రతి కాపాడుతుంది, రెండు ప్రతులు చంపుతాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం "బగ్" అని కొట్టేసేది, దోమలున్న ఊళ్ళో ప్రాణం నిలిపింది.

ఈలోగా, 1952లోనే, లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు మన నీలగిరి ఆదివాసుల్లో అవే కొడవలి కణాలు కనిపెట్టారు. జాతి సిద్ధాంతానికి అది గట్టి దెబ్బ. గ్రీసులోనూ, అరేబియాలోనూ ఉన్నాయవి. కలిపింది చర్మం రంగు కాదు, మలేరియా.

ఈ చరిత్ర మనకెందుకంటే, మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఇప్పటికీ ఉంది. 2023లో కేంద్రం దీని నిర్మూలనకి జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మంచి పనే. కానీ దాన్ని "గిరిజనుల జబ్బు" అని పిలవడం మొదలెడితే మళ్ళీ షికాగో దగ్గరికే వెళ్తాం. ఆ కార్డు పట్టుకున్న అమ్మాయికి అది పెళ్ళికి అడ్డుగోడలా, కులం సర్టిఫికెట్‌లా మారకూడదు. ఆమె పూర్వీకులు మలేరియాని తట్టుకుని బతికారని కూడా దాని మీద రాసి ఉన్నట్టే చదవాలి.