ఆట కష్టమా, ఆసరా లేకపోవడమా?

"పాత ఆటలే అసలు ఆటలు, ఇప్పటివన్నీ చెయ్యి పట్టుకుని నడిపించేవే" అనే మాట గేమ్స్ ఆడే మన పిల్లలు కూడా అంటున్నారు. రాజ్యాలు, మంత్రాలు, రాక్షసులతో నిండిన కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటల చరిత్ర చూస్తే సంగతి అంత సూటిగా లేదు.

1981లో ఆపిల్ 2 కంప్యూటర్‌కు ‘విజార్డ్రీ’ వచ్చింది. కార్నెల్ యూనివర్సిటీలో చదివిన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దాన్ని తయారుచేశారు. ఆరుగురి జట్టుతో పది అంతస్తుల చిక్కుదారుల్లోకి దిగాలి. ఆటలో మ్యాపు ఉండదు, గ్రాఫ్ పేపర్ మీద మనమే గీసుకోవాలి. కొన్ని గళ్ళలో అడుగేస్తే మన ముఖం వేరే దిక్కుకు తిరిగిపోతుంది, ఆట ఆ మాట చెప్పదు. అక్కడి నుంచి గీసిందంతా తప్పే. మంత్రం వేయాలంటే పేరు టైపు చేయాలి, ఆ పేర్లు మాన్యువల్‌లో ఉంటాయి. జట్టంతా చచ్చిపోతే కొత్త జట్టును పంపి శవాలు తెచ్చుకోవాలి. గుడిలో బతికించడం ఫెయిలైతే బూడిద. మళ్ళీ ఫెయిలైతే ఆ పాత్ర ఇక లేనట్టే.

ఎందుకంత కఠినం? ఈ ఆటలకు మూలం 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. నడిపించే మనిషి ఒకరుంటారు, జట్టు మరీ బలహీనపడితే కాస్త సడలిస్తారు. కంప్యూటర్ ఆ నియమాల్ని తీసుకుంది గానీ ఆ మనిషిని తీసుకోలేకపోయింది. పైగా అప్పటి డిస్క్‌లో, మెమరీలో చోటు తక్కువ. అందుకే సాయమంతా పెట్టెలోని కాగితాల్లోకి పోయింది. 1988 నాటి ‘పూల్ ఆఫ్ రేడియన్స్’లో అయితే కథలో కొంత భాగం కూడా పుస్తకంలోనే ఉండేది, ఆట నంబరు చెబితే ఆ పేరా తీసి చదువుకోవాలి.

1998లో ‘బాల్డర్స్ గేట్’ వచ్చేసరికి మ్యాపు, కష్టాన్ని తగ్గించుకునే సెట్టింగ్ ఆటలోకే వచ్చేశాయి. అసలు గొడవ ఆ తర్వాతది. 2002 నాటి ‘మోరోవిండ్’లో వంతెన దాటు, ఫలానా రాయి దగ్గర తిరుగు అని దారి మాటల్లో చెబుతారు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పినట్టే. కొండనూ వాగునూ చూసుకుంటూ పోవాలి. 2006లో అదే వరుసలో వచ్చిన ‘ఆబ్లివియన్’ దిక్సూచి మీద గుర్తు పెట్టేసింది. చూసి నడవడం తగ్గింది, నిజమే. కానీ ఇంట్లో కోయో గోండో సవరో, బడిలో తెలుగు, ఆటలో ఇంగ్లీషు అయిన మనకు ఆ గుర్తు బద్ధకం కాదు, తలుపు.

కష్టం పోయిందా అంటే పోలేదు. 2011 నాటి ‘డార్క్ సోల్స్’లో కష్టం తగ్గించే సెట్టింగే లేదు. చస్తే చేతిలో ఉన్న ‘సోల్స్’ అన్నీ అక్కడే పడిపోతాయి, తెచ్చుకునేలోపు మళ్ళీ చస్తే పోయినట్టే. అయినా అందులో వేరే ఆటగాళ్ళు నేల మీద రాసిన హెచ్చరికలు కనిపిస్తాయి. ముందు వెళ్ళినవాడు వెనక వచ్చేవాడికి చెప్పే మాట అది. 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’లో సులువు నుంచి కఠినం దాకా మనమే ఎంచుకోవచ్చు, ఆ ఏడాదే ఒకే సేవ్‌తో ఆడే ‘హానర్ మోడ్’ కూడా చేర్చారు. దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో ముందే చూపిస్తుంది. తెలిసి ఓడిపోతాం, తెలియక కాదు.

పాత ఆటగాళ్ళు గట్టివాళ్ళే. కానీ వాళ్ళకు కంప్యూటర్, మాన్యువల్, భాష ఉన్నాయి. చాలామందికి అడగడానికి పక్కన స్నేహితులూ ఉన్నారు. ఆ ఆసరాను లెక్కలోంచి తీసేసి మిగిలిన దానికి ప్రతిభ అని పేరు పెట్టడం ఆటలతో ఆగదు. పరీక్షల దగ్గర, హాస్టల్లో, సీట్ల దగ్గర మెరిట్ పేరుతో మనం వింటున్న మాట కూడా అదే. ఎవరైనా "మా రోజుల్లో ఎంత కష్టమో" అంటే గౌరవంగానే విందాం. ఆ రోజుల్లో మీ చేతిలో ఏముండేదని కూడా అడుగుదాం.