కెన్యా మ్యాచ్‌కి ఎవరెళ్తారు?

విశాఖలో క్రికెట్ అనగానే ఎవరైనా మొదట చెప్పేది ధోనీ 148 గురించే. 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్ మీద, మధురవాడ స్టేడియంలో. అంతర్జాతీయ క్రికెట్లో అతని మొదటి సెంచరీ. ఆ రోజు నేను స్టాండ్స్‌లో ఉన్నా. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆఫీసులో క్రికెట్ వాదన వచ్చినప్పుడల్లా "ధోనీ మా ఊళ్ళోనే పుట్టాడయ్యా" అని గొప్పలు పోయేవాణ్ణి.

ఆ గొప్పకి బ్రేకు పడింది ఇటలీలో. ప్రాజెక్టు పని మీద ట్యూరిన్ వెళ్ళినప్పుడు, క్లయింటు వైపు కుర్రాడొకడు ఓ సాయంత్రం నన్ను ఫిలడెల్ఫియా అనే ఫుట్‌బాల్ స్టేడియానికి తీసుకెళ్ళాడు. 1926లో మొదలైంది. 1940ల్లో ఇటలీ ఫుట్‌బాల్‌ని ఏలిన టొరినో జట్టుకి అది సొంతిల్లు. 1949 మే 4న వాళ్ళ విమానం సుపెర్గా కొండని గుద్దుకుని దాదాపు జట్టంతా పోయింది. 1990ల్లో ఆ స్టేడియం చాలావరకు కూల్చేసి, 2017లో చిన్నదిగా మళ్ళీ కట్టి తెరిచారు. పాత స్టాండ్ ముక్క మాత్రం కాస్త అలాగే ఉంచారు. ఆ కుర్రాడు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే పోయిన జట్టది. అయినా "మా తాత ఇక్కడే కూర్చునేవాడు" అని వేలు పెట్టి చూపించాడు. "మరి మీ ఊళ్ళో?" అన్నాడు. ధోనీ అని మొదలుపెట్టబోయి ఆగిపోయా. మా నాన్న కూర్చున్నది మధురవాడలో కాదు.

ఆయన కూర్చున్నది ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో. మధురవాడ స్టేడియం రాకముందు విశాఖకి అంతర్జాతీయ క్రికెట్ వచ్చింది అక్కడికే. మొత్తం ఐదు వన్డేలు. 1988 డిసెంబర్ 10న న్యూజిలాండ్‌తో మొదటిది. శ్రీకాంత్ 70 పరుగులు కొట్టడమే కాకుండా 27 పరుగులకి 5 వికెట్లు తీశాడు! బ్యాటు ఊపడం తప్ప ఇంకేం తెలీదనుకున్న శ్రీకాంత్! 1994 నవంబర్లో వెస్టిండీస్ మీద సిద్ధూ 114 నాటౌట్, మనం గెలిచింది 4 పరుగుల తేడాతో. 1996లో ప్రపంచకప్ మ్యాచ్. 1999లో పాకిస్తాన్, శ్రీలంక. చివరిది 2001 ఏప్రిల్ 3న. హేడెన్, పాంటింగ్ ఇద్దరూ సెంచరీలు బాది 338 పెట్టారు, మనం 93 పరుగులతో ఓడిపోయాం.

ఈ ఐదింటిలో మా ఇంటి కథ 1996ది. నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే 1992లో పీవీ జాతికి అంకితం చేసిన ప్లాంటు. ఉక్కునగరం నించి ఊళ్ళోకి రావడమే మాకో ప్రయాణం. ఫిబ్రవరి 23, శుక్రవారం. నాన్న సెలవు పెట్టి మరీ రెండు టికెట్లు తెచ్చారు. నేనేమో మొహం మాడ్చుకుని "ఇండియా మ్యాచ్ కాదుగా, కెన్యా మ్యాచ్‌కి ఎవరెళ్తారు?" అన్నా. నాన్న ఏమీ అనలేదు. బస్సులో దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

నిజానికి అది మామూలు మ్యాచ్ కాదు. కొలంబోలో బాంబు పేలాక ఆస్ట్రేలియా అక్కడ ఆడనని మ్యాచ్ వదులుకుంది. కాబట్టి ఆ ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా మొదటిసారి మైదానంలోకి దిగింది మా విశాఖలోనే. 26కే రెండు వికెట్లు పడ్డాయి. అప్పుడు వా కవలలు కలిశారు. మార్క్ 130, స్టీవ్ 82, ఇద్దరూ కలిపి 207. ఆస్ట్రేలియా 304. కెన్యా కూడా ఊరికే కూలిపోలేదు, 7 వికెట్లకి 207 చేసి 97 పరుగుల తేడాతో ఓడింది. "చూశావా, నేను చెప్పానా?" అన్నా నేను.

ఆరు రోజులు తిరగలేదు. పుణేలో అదే కెన్యా వెస్టిండీస్‌ని 93కి ఆలౌట్ చేసి గెలిచింది. మర్నాడు పొద్దున నాన్న పేపరు తెచ్చి నా ముందు పెట్టి, "ఇదిగోరా, నీ కెన్యా" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

మళ్ళీ మేమిద్దరం కలిసి మ్యాచ్‌కి వెళ్ళలేదు. 2001 నాటికి నేను హాస్టల్లో ఉన్నా. 2004లో నాన్న పోయారు. ధోనీని చూడలేదు.

మొన్న సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని ఇందిరా ప్రియదర్శినికి వెళ్ళా. పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. ఏ మెట్టు మీద కూర్చున్నామో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సుమారుగా ఓచోట కూర్చుని "తాతయ్య ఇక్కడే కూర్చున్నారమ్మా" అని చెప్పా.

స్కోర్లదేముంది, నెట్లో ఎప్పుడైనా దొరుకుతాయి. ఎవరు ఎవర్ని వెంటబెట్టుకొచ్చారు, ఏ మెట్టు మీద కూర్చున్నారు అన్నది మాత్రం ఏ స్కోరుకార్డులోనూ ఉండదు. అది తెలిసిన మనిషి ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. నేను అడగలేదు. మీ నాన్నగారు చూసిన మ్యాచ్ ఏదో మీకు తెలుసా? తెలీకపోతే ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి. అది కెన్యా మ్యాచయినా సరే.