విలియం లెవీ డాసన్: బృందగానం, బోధన, జాతి గౌరవం

1. ఉపోద్ఘాతం

అమెరికాలోని నల్లజాతి విద్యాసంస్థలకు బృందగానం ఒక దశలో జీవనాధారంగా నిలిచింది. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘జూబిలీ సింగర్స్’ పేరుతో ఊరూరా పాడి తమ సంస్థకు నిధులు సమకూర్చారు. ఇతర సంస్థలూ ఆ బాట పట్టాయి. అయితే దాతల ముందు పాడే పాటలో ఒక చిక్కు ఉంది. బానిసత్వ కాలపు వేదన నుంచి పుట్టిన గేయాన్ని శ్వేతజాతి శ్రోతలు కేవల వినోదంగా స్వీకరించే అవకాశం ఎప్పుడూ ఉండేది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో సుమారు పాతికేళ్లు సంగీత విభాగానికి సారథ్యం వహించిన విలియం లెవీ డాసన్ (1899–1990) ఈ చిక్కును ఎదుర్కొన్న తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. విద్యార్థి దశ

డాసన్ 1899 సెప్టెంబరు 26న అలబామాలోని అనిస్టన్ పట్టణంలో జన్మించారు. 13వ ఏట ఇంటి నుంచి పారిపోయి టస్కీగీ చేరారు. సంస్థ పొలాల్లో పనిచేస్తూ చదువుకున్నారు. అక్కడి వాద్యబృందంలో వాయించారు. టస్కీగీ గాయకులతో కలిసి పర్యటనల్లో పాడారు. 1921లో పట్టభద్రులయ్యాక కాన్సస్ ప్రాంతంలో సంగీతం బోధిస్తూ, కాన్సస్ సిటీలోని హార్నర్ లలితకళా సంస్థలో సంగీత పట్టా కోసం చదివారు. 1925 నాటి స్నాతకోత్సవంలో ఆయన రచించిన వాద్యత్రయ కృతిని వేదికపై వినిపించారు. కాని నల్లజాతీయుడైనందువల్ల తోటి పట్టభద్రులతో కలిసి వేదికనెక్కే అనుమతి ఆయనకు లభించలేదు. కృతికి దక్కిన వేదిక కర్తకు దక్కకపోవడం ఆనాటి వర్ణవివక్షకు స్పష్టమైన నిదర్శనం. తరవాత ఆయన షికాగో చేరి 1927లో స్నాతకోత్తర పట్టా పొందారు. అక్కడి సివిక్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించారు.

3. టస్కీగీ గాయక బృందం

1930ల ఆరంభంలో డాసన్ టస్కీగీకి తిరిగివచ్చి సంగీత విభాగాన్ని వ్యవస్థీకరించారు. ప్రసిద్ధ పియానో విదుషి హేజెల్ హారిసన్ వంటి వారు అధ్యాపకులుగా చేరారు. ఆయన నిర్దేశకత్వంలో సుమారు వంద గొంతుల గాయక బృందం 1932 డిసెంబరు 27న న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ప్రారంభోత్సవంలో పాడింది. 1939లో గాయని మరియన్ ఆండర్సన్‌కు ప్రవేశం నిరాకరించిన వాషింగ్టన్ కాన్‌స్టిట్యూషన్ హాల్‌లోనే 1946లో టస్కీగీ విద్యార్థులు పాడారు. వేదికనెక్కనివ్వని అనుభవం కలిగిన గురువు తన శిష్యులను అటువంటి వేదికపై నిలబెట్టడం ఇక్కడ గమనించదగింది.

4. జానపద గేయానికి బృందగాన రూపం

ఈ గేయాలను ‘స్పిరిచువల్స్’ అనడం కంటే నల్లజాతి జానపద గేయాలనడమే డాసన్‌కు సమ్మతం. ఈ పేరు గేయకర్తృత్వాన్ని ఒక జాతికి తిరిగి అప్పగిస్తుంది. మౌఖికంగా సాగిన బాణీలను ఆయన నాలుగు స్వరశ్రేణులకు విస్తరించి స్వరలిపిలో స్థిరపరిచారు. ‘సూన్ ఆ విల్ బి డన్’, ‘దేర్ ఈజ్ ఎ బామ్ ఇన్ గిలియడ్’, ‘ఎజీకియల్ సా డి వీల్’ వీటిలో ప్రసిద్ధమైనవి. చివరిదానిలో కొన్ని గొంతులు అర్థరహిత ధ్వనులను లయబద్ధంగా పలుకుతూ చక్రభ్రమణాన్ని స్ఫురింపజేస్తాయి. వాద్యసహకారం లేని ఈ గానంలో గాయకుడికి శ్రుతిజ్ఞానం, శ్వాసనియమం, తోటి గొంతును వినే ఓర్పు తప్పనిసరి. ఇంత సాధన కోరే సంగీతాన్ని తేలికపాటి వినోదంగా పరిగణించడం కష్టం. చిక్కుకు డాసన్ ఇచ్చిన సమాధానం ఇదే. ఈ స్వరకల్పనలు అచ్చయి పాఠశాలల, చర్చిల గాయక బృందాలకు చేరాయి.

5. సింఫనీ, శిష్యులు

డాసన్ రచించిన ‘నీగ్రో ఫోక్ సింఫనీ’ని 1934 నవంబరులో లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ నిర్దేశకత్వంలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తొలిసారి వినిపించింది. రెండవ భాగం ముగియగానే శ్రోతలు ఆనవాయితీని పక్కనపెట్టి కరతాళధ్వనులు చేశారు. అయినా తరవాతి కాలంలో ఆ కృతికి ప్రదర్శనలు అరుదయ్యాయి. 1952లో పశ్చిమ ఆఫ్రికాలో పర్యటించిన డాసన్ అక్కడి లయల ప్రేరణతో దానిని సవరించారు. రెండవ సింఫనీ మాత్రం రాలేదు.

సింఫనీ వెలువడడానికి ఏడాది ముందు, 1933లో, రాల్ఫ్ ఎలిసన్ అనే యువకుడు స్వరకర్త కావాలన్న ఆశతో ఓక్లహోమా నుంచి గూడ్సు రైళ్లలో ప్రయాణించి టస్కీగీ చేరారు. మూడేళ్ల తరవాత చదువు పూర్తి చేయకుండానే న్యూయార్క్ వెళ్లారు. 1952లో ‘ఇన్‌విజిబుల్ మ్యాన్’ నవలతో సుప్రసిద్ధులయ్యారు. సంగీతాన్ని వృత్తిగా కొనసాగించకపోయినా, ఎలిసన్ అనంతరకాలంలో డాసన్ గౌరవార్థం ప్రసంగించారు. గురుత్వ ప్రభావం సంగీతరంగానికే పరిమితం కాదనడానికి ఇది ఒక సాక్ష్యం.

6. ముగింపు

1956లో డాసన్ స్పెయిన్‌కు వెళ్లి అక్కడి గాయక బృందాలకు శిక్షణ ఇచ్చారు. 1990 మే 2న మరణించారు. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నిధుల సేకరణకు సాధనమైన బృందగానాన్ని డాసన్ శాస్త్రీయ క్రమశిక్షణతో జాతి గౌరవ ప్రకటనగా మలిచారు.

2. ఆయన స్వరకల్పనకూ బోధనకూ జానపద గేయమే ఉమ్మడి పునాది.

3. సింఫనీల సంఖ్యను బట్టి మాత్రమే ఆయన కృషిని అంచనా వేస్తే, వందలాది విద్యార్థుల గొంతుల ద్వారా రూపొందిన సంగీతం లెక్కలోకి రాదు. సంగీత చరిత్ర రచనలో అధ్యాపకుడి స్థానాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని డాసన్ జీవితం గుర్తుచేస్తుంది.