యుద్ధకాలపు ట్రక్కు – నేటి రహదారి

చోడవరం నుండి మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కే బండికి బలం కావాలి. అదే బండి అనకాపల్లి వద్ద జాతీయ రహదారిపైకి వస్తే వేగం కావాలి. ఈ రెండూ ఒకే జత పళ్ళచక్రాలతో పూర్తిగా సమకూరవు.

1942లో అమెరికాలోని డాడ్జి సంస్థ సైన్యం కొరకు ముప్పాతిక టన్ను ట్రక్కును తయారుచేయసాగింది. యుద్ధం ముగిసేలోగా ఇటువంటివి రెండు లక్షలకు పైగా వెలువడినవి. అస్సాంలోని లెడో నుండి బర్మాలోకి వేసిన రోడ్డుపై కూడా ఇవి నడిచాయి. ఇంజను శక్తి 92 హార్సుపవరు మాత్రమే. దానితోనే బురదలో బరువు లాగవలె గదా! అందుచేత ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తిని 5.83గా ఉంచారు. అనగా పైగేరులో ఇంజను 5.83 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లు పోవాలంటే ఇంజను నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరగాలి. దాని హద్దే 3,200. గంటల తరబడి ఇలా పరుగెత్తిస్తే ముసలి ఇంజను త్వరగా అరిగిపోతుంది.

యుద్ధానంతరం ఇదే వంశంలో పుట్టిన 'పవర్ వ్యాగన్' ట్రక్కుకు 4.89 నిష్పత్తి చక్రాలు కూడా దొరికేవి. పాత బండ్ల అభిమానులు వాటిని తెచ్చి సైనిక ట్రక్కుకు అమర్చుకున్నారు. అప్పుడు అదే వేగానికి 2,400 చుట్లు చాలు. అయితే ముందు, వెనుక ఇరుసులు రెంటినీ మార్చాలి. లేకుంటే నాలుగు చక్రాలకూ చోదన ఇచ్చినప్పుడు ఒక జత మరొక జతతో పెనుగులాడుతుంది.

చక్రానికి అందే ఈడ్పు ఆరోవంతు తగ్గుతుంది. వేగానికి మురిసేవారు బ్రేకుల సంగతి మరచిపోతారు. అవి 1940ల నాటి డ్రమ్ము బ్రేకులే. వేగం 80 నుండి 100కు పెరిగితే అవి అణచవలసిన చలనశక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఘాటు దిగేటప్పుడు ఇంజను పట్టి ఆపే బలం కూడా, అదే గేరులో, ఆ ఆరోవంతే తగ్గి ఉంటుంది.