శిష్యుల జూదము, ఆచార్యుల కీర్తి

1950వ సంవత్సరము మార్చి నెలలో, న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెను అను క్రీడామందిరమున, పది దినముల యెడముతో జరిగిన రెండు బాస్కెట్‌బాల్ అంతిమక్రీడలయందును సిటీ కాలేజి జట్టు బ్రాడ్లీ విశ్వవిద్యాలయపు జట్టును ఓడించి, జాతీయ ఆహ్వాన పోటీ, ఎన్.సి.ఏ.ఏ. పోటీ యను రెండింటి విజయములను ఒక్క యేటనే చేకొనెను. అంతకు పూర్వము ఏ విద్యాసంస్థకును దక్కని ఆ గౌరవము అటుపిమ్మట మఱి యెవ్వరికిని దక్కలేదు. 1847లో స్థాపితమై, పిమ్మట హార్లెము గుట్టమీద నెలకొని, జీతము పుచ్చుకొనక చదువు చెప్పుచు, కుట్టుపనివాండ్ర బిడ్డలను, చిల్లరవర్తకుల బిడ్డలను పండితులుగా తీర్చుచుండిన కళాశాల యది. ఆ జట్టున బరిలోనికి దిగు అయిదుగురిలో మువ్వురు యూదులు, ఇద్దరు నల్లజాతివారు. ఆహ్వాన పోటీలో నడిమి యంకమున వారు కెంటకీ విశ్వవిద్యాలయపు శ్వేతజాతి జట్టును 89–50 పాయింట్లతో ఓడించినపుడు, హార్లెమునందును బ్రాంక్సునందును గల పేదవాడలు ఆ గెలుపును తమ సొంత గెలుపుగా భావించుటలో వింత యేమియు లేదు.

ఈ విజయమునకు సూత్రధారి నాట్ హోల్మను. ఈయన రష్యానుండి వలసవచ్చిన యూదుల యింట 1896లో న్యూయార్కుననే జన్మించి, ఒరిజినల్ సెల్టిక్సు అను ప్రఖ్యాత వృత్తిజట్టులో ఆటగాడై, 1919 మొదలుకొని సిటీ కాలేజియందు శిక్షకుడై, కాలక్రమమున ‘మిస్టర్ బాస్కెట్‌బాల్’ అను బిరుదము గడించినవాడు. అప్పటి అమెరికాలో కళాశాల శిక్షకుడనగా వట్టి ఆట నేర్పువాడు కాడు. శీలము దిద్దువాడని, తల్లిదండ్రుల పిమ్మట యువకునకు తానే దిక్కని ప్రతీతి. తాను నేర్పిన విద్య గెలుపును తెచ్చినపుడు శిష్యుల శీలమును గూడ తన ఖాతాలోనే వ్రాసికొను అలవాటు ఆ వృత్తిలో నుండెను గనుక, ఆ శీలము చెడినపుడు ఖాతా యెవరిదను ప్రశ్న పుట్టక తప్పలేదు.

ఆ ప్రశ్న పుట్టిన తీరు తెలియవలెనన్న, ముందు ఆనాటి పందెపు లెక్క తెలియవలెను. ఒకప్పుడు జూదరులు ఏ జట్టు గెలుచునను మాటపైననే పందెములు కాయుచుండిరి. బలవంతునకును బలహీనునకును నడుమ జరుగు ఆటపై పందెము కాయుట కెవ్వరును ముందునకు రారు. కావున 1940 ప్రాంతమున బుకీలనబడు పందెపు దళారులు ఒక క్రొత్త యుక్తిని వ్యాప్తికి దెచ్చిరి. సిటీ కాలేజి పది పాయింట్లతో గెలుచునని బుకీ ముందుగా తేల్చిన, ఆ జట్టుపై పందెము కాచినవానికి అది పదునొకండు పాయింట్లతో గెలిచిననే సొమ్ము దక్కును. ఎనిమిదితో గెలిచినచో జట్టు గెలిచియు పందెగాడు ఓడును. దీనివలన ఆటలన్నియు పందెమునకు యోగ్యములైనవి. దానితోపాటు ఆటగాని మనస్సాక్షికి మత్తుమందు కూడ దొరకెను. వాడు తన కళాశాలను ఓడింపనక్కఱలేదు. చివరి నిమిషములలో ఒక బంతిని చేజార్చినను, ఎదుటివాని కడ్డుపోవుటలో ఒక్క అడుగు వెనుకబడినను, తేలికయైన గురిని తప్పించినను చాలును. తేడా తగ్గును, జట్టు గెలుచును, జూదరుల లంచపు కవరు చేతికి వచ్చును. ‘ఓడలేదు గదా, ఎవరికి నష్టము?’ అని ఆ కుఱ్ఱలు తమలో తాము సమాధానపడిరి. అయినను ఇట్టి లెక్క యెల్లప్పుడును సరిగా కుదురునది కాదు. 1949లో కెంటకీ ఆటగాండ్రు లయోలా జట్టుతో జరిగిన ఆటలో తేడా తగ్గింపబోయి, ఆటను సైతము పోగొట్టుకొని, కొన్ని దినములకే సియాటిల్‌లో జాతీయ విజేతలై నిలిచిరి.

హెచ్చరికలు లేకపోలేదు. కాన్సాసు శిక్షకుడు ఫాగ్ అలెన్ 1944లోనే జూదరులు కళాశాలల చెంతకు చేరుచున్నారని బహిరంగముగా చాటెను. 1945లో బ్రూక్లిన్ కాలేజి ఆటగాండ్రు అయిదుగురు లంచము పుచ్చుకొన్నట్లు తేలెను. కాని గార్డెనులో ఒక్కొక్క రాత్రికి పదునెనిమిది వేలమంది కిక్కిరిసి, విద్యాసంస్థలకు ఆ రాబడిలో పాలు దక్కుచుండగా, పెద్దలకు చెవులు వినిపింపలేదు.

1951 జనవరిలో మాన్హటన్ కాలేజి ఆటగాడు జూనియస్ కెల్లాగ్‌కు ఆ కళాశాల పూర్వపు ఆటగాడొకడు వేయి డాలర్లు ఎఱచూపెను. ఆ కళాశాల జట్టున చేరిన తొలి నల్లజాతి యువకుడితడు. ఇతడు నేరుగా తన శిక్షకుడు కెన్ నార్టను కడకు పోయి చెప్పెను. శిక్షకుడు ఆ మాటను అణచిపెట్టక అధికారులకు తెలిపెను. జిల్లా అటార్నీ ఫ్రాంక్ హోగన్ వల పన్నెను. ఆ యేడు న్యూయార్కు శిక్షకులలో చేయవలసిన పనిని చేయవలసిన సమయమున చేసిన వాడెవ్వడని యడిగిన నార్టను పేరే చెప్పవలసి యుండును. మహాశిక్షకుల గాథలను చెప్పుకొనువారి నోట ఆ పేరు అరుదుగా వినవచ్చును.

ఫిబ్రవరి 18వ తేదీన, ఫిలడెల్ఫియాలో టెంపుల్ జట్టును గెలిచి రైలులో తిరిగివచ్చిన సిటీ కాలేజి ఆటగాండ్రలో మువ్వురను పోలీసులు న్యూయార్కుననే నిర్బంధించిరి. రెండు దినములకు లాంగ్ ఐలండ్ విశ్వవిద్యాలయపు వంతు వచ్చెను. సాల్వటోర్ సొలాజో అను నగలవర్తకుడు ఈ వ్యాపారమునకు పెట్టుబడిదారుడని తేలెను. తీగ లాగిన డొంక కదలినట్లు, ఏడు విద్యాసంస్థల ఆటగాండ్రు 32 మంది 1947–50 నడుమ 86 ఆటలను కలుషితము చేసిరని విచారణ ముగియునప్పటికి లెక్కకు వచ్చెను. విచారించిన న్యాయమూర్తి సాల్ స్ట్రైట్ కుఱ్ఱలను శిక్షించి యూరకుండలేదు. మార్కుల పత్రములను దిద్ది ఆటగాండ్రను చేర్చుకొనిన సిటీ కాలేజి బాగోతమును సైతము బయటపెట్టెను. పేదల విద్యాలయమని పేరొందిన చోట ఈ దిద్దుబాట్లు జరుగుట, లంచముకంటెను నాకు హీనముగా తోచును.

ఇక ఆచార్యుల సంగతి. హోల్మను తనకేమియు తెలియదనెను. ఆయన లంచములో పాలుగొనెనని ఎవ్వరును నిరూపింపలేదు. అయినను నగర విద్యామండలి 1952లో ఆయనను పదవినుండి తప్పించెను. ఆయన పోరాడెను, 1954లో రాష్ట్ర విద్యాధికారి తీర్పుచే మరల కొలువునకు వచ్చెను. వచ్చెనుగాని, ఏ జట్టుకు వచ్చెను? కళాశాల గార్డెనును వదలి చిన్న ఆటస్థలములకు ముడుచుకొని యుండెను. నేడు ఆ జట్టు ఎన్.సి.ఏ.ఏ. మూడవ శ్రేణిలో ఆడుచున్నది. 1960లో విరమించిన హోల్మనుకు 1964లో స్ప్రింగ్‌ఫీల్డునందలి బాస్కెట్‌బాల్ కీర్తిమందిరమున చోటు దొరకెను. సిటీ కాలేజి తన వ్యాయామశాలకు ఆయన పేరు పెట్టెను. తొంబదియెనిమిదేండ్లు బ్రదికి ఆయన 1995లో మరణించెను. ఆయన కీర్తి నిలిచినది. ఆ కీర్తిని అనుదినము చాటవలసిన జట్టే నిలువలేదు.

క్లేర్ బీ కథ ఇంతకంటె విచిత్రమైనది. బ్రూక్లిన్‌లోని ఒక ఔషధవిద్యాలయపు ఇరుకు వ్యాయామశాలలో ఆడుకొను లాంగ్ ఐలండ్ జట్టును ఆయన 1931 మొదలు దేశమంతటను మాఱుమ్రోగు జట్టుగా చేసెను. 1936, 1939 సంవత్సరములలో ఒక్క ఆటయైనను ఓడకుండ గెలిపించెను. 1–3–1 అను రక్షణవ్యూహమును కల్పించెను. నూటికి ఎనుబది రెండుపాళ్ళు గెలిచిన శిక్షకుడనిన ఈ వృత్తిలో సామాన్యుడు కాడు. 1936లో హిట్లరు ఏలుబడిలోని బెర్లిను ఒలింపిక్సునకు జరుగు ఎంపికపోటీలో పాల్గొనమని ఆయన జట్టు నిరాకరించెను. ధర్మసంకటమున ధర్మపక్షమున నిలిచిన చరిత్ర వారికి గలదు. పదునైదేండ్ల పిమ్మట అదే విశ్వవిద్యాలయము సిగ్గుతో క్రీడలనే మూసివేసెను. 1957 వఱకు జట్టే లేదు.

బీ మాత్రము నేరము తన శిష్యులదేయని చేతులు దులుపుకొనలేదు. ప్రతి ఆటను గెలిచితీరవలెనను తన తృష్ణయు, లోకములో చెల్లుబాటగుచున్న తప్పుడాచారములకు తాను తలయొగ్గుటయు ఈ పతనమునకు అనువైన గాలిని కల్పించినవని 1952లో ఒక ప్రసిద్ధ వారపత్రికలో తన పేరుతోనే వ్రాసెను. ఇట్టి ఒప్పుదల ఆ వృత్తిలో మఱియొకనినుండి వెలువడుట నేనెఱుగను. ఆ వెనుక బాల్టిమోరులో వృత్తిజట్టును రెండేండ్లు నడిపి ఓటములే యెక్కువగా మూటగట్టుకొనెను. కాని ఆయనకు వేఱొక ప్రపంచము సిద్ధముగా నుండెను. 1948లోనే బాలుర కొఱకు చిప్ హిల్టను అను కుఱ్ఱవానిని నాయకునిగా జేసి నవలలు వ్రాయ మొదలుపెట్టెను. వ్యాలీ ఫాల్సు అను చిన్నయూరు, తండ్రి లేని బాలుడు, తల్లికి భారము గాకుండ అంగడిలో కష్టము చేయుట, రాక్‌వెల్ అను సచ్ఛీలుడైన శిక్షకుడు, ప్రలోభమునకు లొంగని జట్టు. సొంతజట్టు కోర్టుమెట్లెక్కుచుండగా ఈ నవలలు ఆగలేదు; 1960 దాటినదాక వచ్చుచునే యుండెను. నిజజీవితమున తన చేతికందని శిష్యుని ఆయన కాగితముపై తీర్చుకొనుచుండెనేమో! తుదకు జరిగినదేమనగా, ఆటలను అమ్మిన లాంగ్ ఐలండ్ ఆటగాండ్రను మఱచిన తరమునకు సైతము చిప్ హిల్టను పరిచితుడే. 1997 మొదలు కొన్నేండ్లపాటు ఏటేట ఒక శిక్షకునకు క్లేర్ బీ పేర, ఒక ఆటగానికి చిప్ హిల్టను పేర పురస్కారములిచ్చుట ఆచారమాయెను. కల్పితశిష్యుడు గురువును గట్టెక్కించెను.

కెంటకీ శిక్షకుడు అడాల్ఫ్ రప్ స్వభావము వేఱు. న్యూయార్కు కుఱ్ఱలు పట్టుబడినపుడు ఆయన, జూదరుల గాలియైనను తన పిల్లలకు సోకజాలదని ఘనముగా పలికెను. ఆ మాట చల్లాఱకమునుపే, 1951 అక్టోబరులో, ఆయన పూర్వశిష్యులు అలెక్స్ గ్రోజా, రాల్ఫ్ బేర్డ్ మొదలైనవారు నిర్బంధితులైరి. 1948 లండను ఒలింపిక్సులో స్వర్ణపతకము తెచ్చిన జట్టులోనివారు గ్రోజా, బేర్డ్ ఇరువురును. లెక్సింగ్టనులో పేరుమోసిన బుకీతో రప్‌నకు పరిచయము గలదని, బాలల వైద్యశాల కొఱకు ఆయన వానిని చందా యడిగెనని న్యాయమూర్తి స్ట్రైట్ తీర్పులో వ్రాసి, గురుధర్మమును నిర్వర్తింపలేదని ఘాటుగా దూషించెను. 1952–53లో కెంటకీకి ఆటలే లేకుండ పోయినవి. అయిననేమి? మరుసటి యేడు 25 ఆటలాడి 25 గెలిచెను. 1958లో నాలుగవ జాతీయ విజయమందెను. 1972లో 876 విజయములతో విరమించునప్పటికి ఆయనను మించినవారు లేరు. 1976లో లెక్సింగ్టనున కట్టిన మహాక్రీడామందిరమునకు రప్ అరీనాయని పేరు పెట్టిరి.

ఒకే దోషము ముగ్గురి గుమ్మములను తాకెను. కళాశాలకు ధనబలమును, రాష్ట్రాభిమానమును ఉండి, జట్టును కాపాడుకొని, మరల గెలిచినచోట కళంకము మాసిపోయెను. ఆట చిక్కిపోయినచోట అదియే మిగిలెను. అపరాధపరిమాణమునకును అపకీర్తి పరిమాణమునకును సంబంధము మిక్కిలి తక్కువ. శిష్యులకో, ఇట్టి వెసులుబాటు లేదు. జైలు తప్పించుకొన్నవారిని సైతము ఎన్.బి.ఏ. ఆజన్మాంతము వెలివేసెను; గ్రోజా, బేర్డ్ తాము వాటాదారులైన ఇండియనాపొలిసు జట్టునుండి వెడలవలసి వచ్చెను. గురువులు మువ్వురు 1969 నాటికి కీర్తిమందిరమున స్థిరపడిరి; పందెమునకు లొంగిన ఆ ఆటగాండ్రకు అక్కడ తావులేదు. ఏకలవ్యుని అంగుష్ఠమును దక్షిణగా గైకొనిన ద్రోణుని పేరనే మన దేశమున శిక్షకులకు ప్రభుత్వపురస్కార మిచ్చుచున్నారు గనుక, ఈ విషయమున అమెరికనులను మాత్రమే దెప్పుట మనకు తగదు.

తరువాతి కాలమున ఈ లెక్క మాఱినది. 2011లో పెన్ స్టేటున సహాయశిక్షకుడొకడు బాలురపై సాగించిన ఘోరము బయటపడి, దానిని విన్న పిమ్మట చేయవలసినంత చేయలేదను నింద మోసి కొలువు కోల్పోయిన ఫుట్‌బాల్ ప్రధానశిక్షకుడు జో పటెర్నో 2012 జనవరిలో మరణించిన పిమ్మట, ఆ జూలైలో ఆయన విగ్రహమును తొలగించి, 111 విజయములను లెక్కనుండి కొట్టివేసిరి. 2015లో వానిని మరల చేర్చిరి. ఆ నేరమును ఈ పందెపు వ్యవహారముతో తూచరాదు. విజయములను లెక్కనుండి తీసి మరల పెట్టు ఈ పద్ధతి మాత్రము 1951 వారికి తట్టలేదు. వారి గెలుపులు నేటికిని పట్టికలలో యథాతథముగా నున్నవి.

రప్ పేరు 2020లో మరల రచ్చకెక్కెను. కెంటకీ విశ్వవిద్యాలయమున నల్లజాతి అధ్యయనములు బోధించు ఆచార్యులు ఆ క్రీడామందిరమునుండి ఆ పేరును తీసివేయుడని కోరిరి. 1966లో అయిదుగురు నల్లజాతి యువకులను బరిలోనికి దింపిన టెక్సస్ వెస్టర్ను జట్టు చేత ఓడిన శిక్షకుడాయన. 1969 వఱకు తన జట్టున ఒక్క నల్లజాతి యువకుని చేర్చుకొనని శిక్షకుడును ఆయనయే. ఆచార్యుల అభ్యంతరము ఈ జాతివివక్షను గూర్చినది. స్ట్రైట్ తీర్పునందలి దూషణమును వారు తవ్వి తీయలేదు. ఆ పేరును మందిరమునుండి దించనూ లేదు.