శ్రుతి పెంచిన సెలెరాన్

1998 ఆగస్టు 24న ఇంటెల్ సంస్థ ఒకేనాడు కొన్ని ప్రాసెసర్లను విపణిలోకి విడిచింది. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 2, ధర 669 డాలర్లు. మరొకటి 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఎ, ధర 149 డాలర్లు. ఇవి వేయి చిప్పుల లెక్కన కొనే వర్తకుల ధరలు. ఆ చవక చిప్పును ఖరీదైనదాని వేగంతోనే నడపవచ్చునని ఔత్సాహికులు త్వరలోనే గ్రహించారు. అన్ని చిప్పులూ నడవలేదు గాని, నడిచినవి తక్కువేమీ కావు.

ఓవర్‌క్లాకింగ్ చరిత్రలో ఇంతటి ప్రసిద్ధి పొందిన ఘట్టం మరొకటి లేదు. అయితే దీనిని అందరూ ప్రాసెసర్ కథగానే చెబుతారు. నా దృష్టిలో ఇది మెమరీ కథ. ఇంకా సరిగా చెప్పాలంటే బస్సు కథ. (బస్సంటే విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఆగేది కాదు. ప్రాసెసరుకూ మెమరీకీ తక్కిన భాగాలకూ నడుమ సమాచారం నడిచే దారి.)

మా ఊరివారికి ఈ సంగతి సంగీత పరిభాషలో చెప్పడమే సులువు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా సంగీత కళాశాల వెలసిన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు మాది. శ్రుతి అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. బొబ్బిలి వీణకు ఏడు తీగలు. ఆధార షడ్జాన్ని ఒక మెట్టు పైకి జరిపితే ఒక్క తీగను బిగించి ఊరుకుంటే కుదరదు, ఏడింటినీ బిగించాలి. వాటిలో ఏది బలహీనమో అది ముందు తెగుతుంది. కంప్యూటరులో ఆ ఆధార షడ్జమే బస్సు వేగం. దానిని ఒక నిర్ణీత సంఖ్యతో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది, భాగిస్తే డిస్కూ తక్కిన కార్డులూ నడిచే దారుల వేగం వస్తుంది. మెమరీ ఆ రోజుల్లో సరిగ్గా ఆ వేగంతోనే నడిచేది.

ఈ ఆట సెలెరాన్‌తో పుట్టినది కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలో 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒకటి ఉండేది. అమెరికా టీవీ ప్రసారాలలో రంగును మోసే సంకేతానికి అది నాలుగింతలు. దానిని మూడుతో భాగించగా వచ్చిన 4.77 మెగాహెర్ట్జే ప్రాసెసర్ వేగం. 1984లో వచ్చిన ఏటీ నమూనాలో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని సగం చేసి 6తో నడిపారు. కొనుక్కున్నవారు ఆ స్ఫటికాన్ని ఊడబెరికి 16ది పెట్టి 8 రాబట్టుకున్నారు. ఐబీఎం తరువాతి యంత్రాలలో వేగాన్ని కొలిచే పరీక్షను చేర్చి ఈ దారి మూసింది. తయారీదారు తలుపు మూయడం, వాడుకరి కిటికీ వెతుక్కోవడం అప్పటినుంచీ సాగుతున్నదే.

ఇక 300ఎ దగ్గరికి వద్దాం. దాని గుణకం 4.5, బస్సు 66 మెగాహెర్ట్జ్. తక్కువ వేగపు చిప్పుల మీది ముద్ర చెరిపి, పెద్ద అంకె అచ్చువేసి అమ్మే మోసగాళ్ళు ఆనాడు ఉండేవారు. వారిని అరికట్టడానికంటూ ఇంటెల్ గుణకాన్ని కదలకుండా బిగించింది. మోసపోయేవాడు ఎప్పుడూ మనబోటి చిన్న ఊరి కొనుగోలుదారే గనుక ఆ బిగింపును నేను తప్పుపట్టను. కాని గుణకం కదలకపోయేసరికి మిగిలిన దారి ఒక్కటే, బస్సును పెంచడం. 66 స్థానంలో 100 పెడితే 450 వస్తుంది. అబిట్ బీహెచ్6 వంటి మదర్‌బోర్డులలో ఇది బయాస్ తెర మీదనే మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం లేనివారు కార్ట్రిడ్జి అంచున బీ21 అనే కాలిని చిన్న టేపుముక్కతో కప్పేవారు. అంతటితో బోర్డు దానిని 100 మెగాహెర్ట్జ్ చిప్పుగా భ్రమించేది.

చవక చిప్పుకు ఇంత సత్తువ ఎక్కడిది? పెంటియమ్ 2 కార్ట్రిడ్జిలో 512 కిలోబైట్ల క్యాష్ మెమరీ వేరే చిప్పులలో ఉండి సగం వేగంతో నడిచేది. శ్రుతి పెంచినప్పుడు అవీ తట్టుకోవాలి. సెలెరాన్‌కు ఉన్నది 128 కిలోబైట్లే అయినా అది ప్రాసెసర్ గర్భంలోనే ఉండి పూర్తి వేగంతో నడిచేది. తెగడానికి ఒక తీగ తక్కువన్నమాట. పైగా రెండు చిప్పులదీ 0.25 మైక్రాన్ల తయారీ పద్ధతే. మీద అచ్చువేసిన అంకె చిప్పు శక్తికి కొలత కాదు. ఇంతకు తగ్గదని ఇచ్చిన హామీ, అమ్మకానికి వేసిన అంచె.

అసలు పరీక్ష మెమరీకి. 66 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కొక్క అడుగుకు 15 నానోసెకండ్ల వ్యవధి ఉంటుంది, 100 దగ్గర 10 మాత్రమే. పాత మెమరీ కడ్డీలు చాలావరకు ఇక్కడే చతికిలబడ్డాయి. అప్పుడు బయాస్‌లో క్యాస్ లేటెన్సీ అనే అంకెను 2 నుంచి 3కు పెంచేవారు, అంటే అడిగిన మాటకు జవాబివ్వడానికి మరొక అడుగు గడువిచ్చేవారు. లెక్క చూడండి: 66 దగ్గర రెండడుగులంటే 30 నానోసెకండ్లు, 100 దగ్గర మూడడుగులన్నా 30 నానోసెకండ్లే. తొలి మాట ముందెప్పుడు వచ్చేదో ఇప్పుడూ అప్పుడే వస్తుంది. దాని వెనుక వరుసగా వచ్చే మాటల ధార మాత్రమే వడి అందుకుంటుంది. ప్రాసెసర్ ఒకటిన్నర రెట్లయినా పని ఒకటిన్నర రెట్లు కాకపోవడానికి ఇది ముఖ్య కారణం. అందుకే మెమరీ గడువులను ఒక్కొక్క అంకే తగ్గిస్తూ రాత్రుళ్ళు గడిపినవారిని నేను పిచ్చివారనుకోను.

100కు చేరలేనివారు నడుమ 83 దగ్గర ఆగేవారు, అది మరీ ప్రమాదం. 100 దగ్గర బోర్డు మూడుతో భాగించి కార్డుల దారిని 33లో ఉంచుతుంది. 83 దగ్గర రెండుతోనే భాగించే బోర్డులలో అది 41.5 అయ్యేది. అక్కడ దెబ్బతినేది హార్డుడిస్కు మీది రాతలు.

మన ప్రాంతపు చిక్కులు మనకున్నాయి. గాలితో చల్లబరిచే ఏ ఫ్యానూ చిప్పును గది కంటె చల్లగా ఉంచలేదు. గది కంటె 25 డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలబెట్టగల ఫ్యాను చలిదేశంలో, 20 డిగ్రీల గదిలో చిప్పును 45 దగ్గర ఉంచుతుంది. మే నెలలో శ్రీకాకుళంలో, 38 డిగ్రీల గదిలో 63 దగ్గర. పైగా వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2.0 వోల్టులను 2.2 చేసి వేగం ఒకటిన్నర రెట్లు చేస్తే విద్యుత్తు ఖర్చు సుమారు 1.8 రెట్లవుతుంది. విశాఖ నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించుకున్న యంత్రాలలో జనవరిలో బుద్ధిగా నడిచినవి ఏప్రిల్‌లో మొరాయించడం నేను చూశాను.

మొరాయిస్తే మేలే. నీలితెర పడితే కనీసం తెలుస్తుంది. తెలియకుండా తప్పే మెమరీయే మనబోటి రాతగాళ్ళకు శత్రువు. సాధారణ డెస్క్‌టాప్ మెమరీకి తన తప్పును తానే పట్టుకునే ఏర్పాటు ఉండేది కాదు. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య 3093, ‘గ’ సంఖ్య 3095. ద్విసంఖ్యామానంలో మొదటిది 110000010101, రెండవది 110000010111. ఒక్క సున్న ఒకటైతే చాలు, ‘కాలము’ కాస్తా ‘గాలము’ అవుతుంది. ‘త’ 3108, ‘ద’ 3110. ఇక్కడా అదే బిట్టు, తాత దాత అవుతాడు. చిన్నయసూరి బాలవ్యాకరణంతో పని లేకుండానే గసడదవాదేశం జరిగిపోతుంది! రెండూ నిఘంటువులో ఉన్న మాటలే గనుక అక్షరదోషాలు వెదికే ఏ పనిముట్టూ వీటిని పట్టుకోదు.

తరువాతి కథ క్లుప్తంగానే చెబుతాను. 2000లో ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల మీద తెగిన సన్నని వంతెనలను పెన్సిలు గీతతో కలిపి గుణకాన్ని విడిపించారు. 2008 చివర కోర్ ఐ7తో వేడి అనుమతించిన మేరకు తన వేగాన్ని తానే పెంచుకునే టర్బో బూస్ట్ వచ్చింది. 2011లో ఇంటెల్ అన్ని దారులనూ ఒకే ఆధార గడియారానికి కట్టేయడంతో బస్సును పెంచే విద్య దాదాపు అడుగంటింది. స్వేచ్ఛా గుణకం ‘కె’ అక్షరమున్న ఖరీదైన చిప్పులకే దక్కింది. చవక చిప్పుతో ఖరీదు చిప్పును అందుకోవడమే ఈ విద్యకు ప్రాణమైతే, అది అక్కడే పోయిందని నా అభిమతం.

మెమరీ మాత్రం నేటికీ చేతిపనిగానే మిగిలి ఉంది. 2017లో వచ్చిన రైజెన్ చిప్పులలో లోపలి దారుల వేగం మెమరీ వేగంతోనే ముడిపడింది. అంకెలు ఎంత పెరిగినా తొలి మాటకు పట్టే వ్యవధి చూడండి: డీడీఆర్ 400 మెమరీకి క్యాస్ 2 దగ్గర 10 నానోసెకండ్లు, డీడీఆర్4-3200కు క్యాస్ 16 దగ్గర 10, డీడీఆర్5-6000కు క్యాస్ 30 దగ్గర 10. నా యంత్రంలో గడువు అంకె మార్చినప్పుడల్లా ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడుపుతాను. తెల్లవారేసరికి తప్పుల గడిలో సున్న తప్ప మరేమి కనిపించినా పాత అంకే మళ్ళీ పెడతాను.