ఆటయ్యాక రాయి మళ్లీ రాయే

పాపాఘ్నిలో నీళ్లు పారేది ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా నెలలన్నీ ఇసకే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో బిందె పట్టుకుని మా జేజి వెంట ఆ ఇసకలోకి పోయేదాన్ని. మోకాటి లోతు తవ్వితే చెలిమ. అడుగున నీళ్లు ఊరాలి, టెంకాయచిప్పతో తోడాలి, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. ఆ కూర్చునే సేపే మా ఆట. పాదం మీద ఇసక కప్పి, అరచేత్తో తట్టి తట్టి, మెల్లగా కాలు వెనక్కి లాక్కుంటే పిచ్చుకగూడు. పైపైన ఎండిన ఇసకతో అది నిలవదు. చెలిమలోంచి అప్పుడే తీసిపోసిన తడి ఇసక కావాలి. "మే, దరి పక్కది తీయబాకండి, చెలిమ కూలిపోతాది" అని జేజి కేకేసేది. ఎక్కడి ఇసక తీయొచ్చో, ఎక్కడిది తీయకూడదో మాకు అట్లా తెలిసింది.

ఆడపిల్లల ఆటల పుట్టుక ఎక్కడని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ చెలిమే గుర్తొస్తుంది. కడప, కర్నూలు సీమలో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నీళ్లు మోయడం, చింతపండు కొట్టడం, పేడ ఎత్తడం ఆడవాళ్ల పనులు. ఆటలు ఆ పనుల పక్కనే మొలిచాయి. మగపిల్లలు ఉండేలు పట్టుకుని గుట్టలెక్కారు. ఆడపిల్లలకు మాత్రం ఇల్లు, అరుగు, బావి, ఏరు అని గీత గీసి పెట్టారు. అది అన్యాయమే. దాన్ని అందంగా చెప్పుకోవాల్సిన పనిలేదు. అయితే ఆ గీత లోపల ఏ గింజ ఎంత గట్టిదో, ఏ రాయి చేతిలో ఎట్లా ఒదుగుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

రాళ్లు ఎగరేసి పట్టుకునే అచ్చనగండ్లనే తీసుకుందాం. అచ్చనగాయలు, అచ్చంగాయలు, గచ్చకాయలు అని ఊరికో పేరు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, అక్కడే తెలుగు మీద మనసు పెట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువులో ఈ ఆట మాటకు చోటిచ్చాడు. అంతకు ముందే అయ్యలరాజు నారాయణామాత్యుడు 'హంసవింశతి'లో పిల్లల ఆటల పేర్లు వరసపెట్టి చెప్పాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన ఆటల గురించి రాసేటప్పుడు ఆ కావ్యాన్నే ఆసరా చేసుకున్నాడు. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. ఈ ఆటలకు మాటలే శాసనాలు.

అలా ఎందుకయిందో గ్రీకుల వైపు చూస్తే తెలుస్తుంది. వాళ్ల ఆడపిల్లలు ఇదే ఆటను గొర్రె మడమ ఎముకలతో ఆడారు. ఎముక నిలుస్తుంది. కంచుతో, గాజుతో కూడా వాటిని పోతపోసుకున్నారు. సామాన్య శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన హెర్క్యులేనియం ఊళ్లో ఒక పాలరాతి పలక దొరికింది. దాని మీద ఏథెన్స్ చిత్రకారుడు అలెగ్జాండర్ సంతకంతో ఒక బొమ్మ ఉంది. ముందువైపు ఇద్దరు పడుచులు మోకాళ్ల మీద కూర్చుని ఎముకలాట ఆడుతుంటారు. ఆ పలక ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మంగోలియాలో గొర్రెల కాపర్లు ఆ ఎముక నాలుగు వైపులకూ గుర్రం, ఒంటె, గొర్రె, మేక అని పేర్లు పెట్టుకున్నారు. మంద ఉన్నచోట మందే ఆటవస్తువు. మనకు కాళ్ల కింద రాళ్లున్నాయి. ఆట అయ్యాక రాయిని వాకిట్లోకి విసిరేస్తే అది మళ్లీ రాయే. తవ్వకాల్లో దొరికినా అది ఏ ఆడపిల్ల చేతిలో తిరిగిందో ఎవరు చెప్పగలరు?

కొరియా పిల్లల గొంగీ మాత్రం మన ఆటకు అచ్చంగా తోబుట్టువు. అయిదు రాళ్లు. నేల మీద చల్లి, ఒకటి పైకెగరేసి, అది దిగేలోపల ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, ఆపైన మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒక్క చేతివాటున ఎత్తాలి. అప్పుడు అన్నిటినీ ఎగరేసి చేతి వెనకవైపు పట్టుకోవాలి. 2024 డిసెంబరులో వచ్చిన 'స్క్విడ్ గేమ్' రెండో సీజన్‌లో ఈ ఆట చూసి, ఇది మా అరుగు మీది ఆటే కదా అనుకున్నాను. కొరియాలో ఇప్పుడు రంగురంగుల ప్లాస్టిక్ గొంగీలు అమ్ముతారు. మా జేజి ఏట్లో రాయి ఎంచే తీరు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. రెండు రాళ్లు చేతిలో ఆడించి చప్పుడు వినేది. మరీ నున్నటిది జారిపోతుంది, మరీ గరుకుది అరచెయ్యి గీస్తుంది. అరుగు మీద పరిచింది నాపరాయి గనక పెళుసు రాయి పనికిరాదు, నాలుగు దెబ్బలకే పగులుతుంది. ఇంత ఎంపిక ప్లాస్టిక్ ముక్కకు అక్కర్లేదు.

గచ్చకాయ కథ ఇంకా దూరం పోతుంది. ఒళ్లంతా ముళ్లుండే తీగ అది. కంచెల్లో అల్లుకుంటుంది. కాయ మీదా ముళ్లే. లోపల మాత్రం బూడిదరంగులో, గాజులా మెరిసే గింజ. దాన్ని బండకు బాగా రుద్ది పక్కదాని చేతికి తాకిస్తే చురుక్కుమంటుంది. ఈ గింజ నీళ్లలో మునగదు. సముద్రం మీద తేలుతూ ఖండాలు దాటుతుంది. పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడినవాళ్లు తమ గుంటల ఆటను కరీబియన్ దీవులకు మోసుకెళ్లారు. ఆంటిగ్వాలో దాన్ని వారీ అంటారు. పన్నెండు గుంటలు, నలభై ఎనిమిది గింజలు. ఆ గింజలు ఈ గచ్చకాయలే! మనవైపు గచ్చకాయ అచ్చనగండ్లకు, వామనగుంటలకు మాత్రం పద్నాలుగు గుంటలు, చింతగింజలు. ఆ మనుషులెక్కడ, మనమెక్కడ, అయినా రెండుచోట్లా ఆడేవాళ్ల చేతికి ఒకే తీగ గింజ అందింది.

చింతగింజకు వేసవిలో లోటుండదు. ఏడాదికి సరిపడా చింతపండు కొట్టి, గింజ తీసి కుండకెత్తే రోజులవి. పెద్దవాళ్లు కొడుతుంటే పిల్లలు గింజలు పోగేస్తారు. కొన్ని వేయించుకుని తింటారు, కొన్ని గుంటల ఆటకు దాచుకుంటారు. కొన్నిటిని బండకు ఒకవైపు అరగదీసి తెలుపు తేలిస్తే అష్టాచెమ్మాకు పందెపు గింజలు.

ధనుర్మాసపు గొబ్బి కూడా ఇలా పనిలోంచి పుట్టిందే. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) గొబ్బి పాట కట్టాడంటే 15వ శతాబ్దానికే అది ఇంటింటి ఆట అయివుండాలి. పేడముద్ద, పసుపు కుంకుమ, నెత్తిన గుమ్మడిపువ్వు, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడపిల్లలు. మర్నాటికి ఆ గొబ్బెమ్మే పిడక. రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పాలు పొంగిస్తారు.

వాన రాకపోతే మాత్రం ఆటలో ఆ తేలిక ఉండదు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి, పిల్లలూ ఆడవాళ్లూ గడపగడపకూ తిరుగుతారు. ఇంటావిడ చెంబెడు నీళ్లు ఆ కప్ప మీద పోస్తుంది. కప్పతల్లి ఆట. బల్గేరియా, సెర్బియా పల్లెల్లో ఇదే పనికి ఒక ఆడపిల్లకు ఒళ్లంతా పచ్చని ఆకులు కప్పి ఇంటింటికీ తిప్పేవాళ్లు. పెపెరుద అనీ దొదోల అనీ ఆమెకు పేర్లు. ఆమె మీదా నీళ్లే పోసేవాళ్లు. అక్కడ పిల్లే చెట్టయింది, ఇక్కడ కప్ప తల్లయింది. బిందెడు నీళ్లకు కోసెడు దూరం నడిచిన ఇల్లాలు ఆ చెంబు నీళ్లు కప్ప మీద ఎట్లా పోయగలిగిందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రోకలికి కట్టిన కప్పను చూస్తే బాధగానూ ఉండేది. ఊరంతా తిరిగాక దాన్ని విప్పి తడి ఉన్నచోట వదిలేదాకా మేం చిన్నపిల్లలం అక్కడినుంచి కదిలేవాళ్లం కాదు.

చెలిమ దగ్గర మాత్రం చివరి పని జేజిదే. బిందెలు నిండాక పశువులకని చెలిమను పూడ్చకుండా, అంచులు మాత్రం ఏటవాలుగా చెరిపేది. ఆ చెరపడంలో మా పిచ్చుకగూళ్లు కూలిపోయేవి. నేను ఏడుపు మొహం పెడితే బిందె నా చంకకెత్తి, "రేపొచ్చి కట్టుకుందువులే, ఇసక యాడికీ పోదు" అనేది.